వదిన ముట్టని మామిడి ఐసు

అనగనగా… ఊఁ కొట్టు కన్నా. ఇది ఐసు కథ. ఊఁ కొట్టకపోతే మధ్యలోనే కరిగిపోతుంది.

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ గట్టు పక్కన పెంకుటింట్లో, పున్ని అని ఒక పిల్ల ఉండేది. పున్నమినాడు పుట్టింది కాబట్టి ఆ పేరు పెట్టారు. దానికి అమ్మా నాన్నా లేరు. అది ఇంకా పాకుతూ ఉన్నప్పుడే ఇద్దరూ దేవుడి దగ్గరికి వెళ్ళిపోయారు. ఉన్నదల్లా ఒక్క అన్నయ్య. పేరు భద్రం. అమ్మా తనే, నాన్నా తనే అయి చెల్లెల్ని పెంచాడు. జడ వెయ్యడం కూడా నేర్చుకున్నాడు పాపం. ఆ జడ ఎప్పుడూ ఒక పక్కకే పోయేదనుకో.

భద్రం రేవు దగ్గర ఐసు మిల్లులో పని చేసేవాడు. చేపల బుట్టల్లో వెయ్యడానికి పెద్ద పెద్ద ఐసు దిమ్మలు చేసే మిల్లు అది. ఆ రోజుల్లో మన ఊళ్ళల్లో ఎవరింట్లోనూ ఫ్రిజ్ లేదు. చల్లగా ఏదైనా కావాలంటే కుండలో నీళ్ళే గతి.

పున్ని మంచి పిల్లే. తెలివైన పిల్లే. కానీ ఒక్కటే గుణం, అనుమానం. మజ్జిగ కూడా ఊదుకుని తాగే రకం. పప్పన్నం పెడితే వాసన చూసేది. చాప పరిస్తే ఎత్తి కింద ఏముందో చూసేది. ఇవాళ బడి లేదర్రా అని మేష్టారే స్వయంగా చెప్పినా, వెళ్ళి తలుపుకి తాళం వేసి ఉందో లేదో చూసి వచ్చేది. నవ్వుతున్నావా? నువ్వేం తక్కువ తిన్నావు? నిన్న మిరియాల పాలు ఇస్తే గ్లాసు చుట్టూ ఎన్నిసార్లు ప్రదక్షిణం చేశావు?

సరే. ఆ తర్వాత భద్రానికి పెళ్ళయింది. ఎక్కడో మెట్ట ఊరి నుంచి తాయారు అని ఒక పిల్లని చేసుకుని తెచ్చుకున్నాడు. తాయారు మాట మెత్తన, నడక మెత్తన. వచ్చిన నాడే పున్నిని దగ్గర కూచోబెట్టుకుని చక్కగా జడ వేసింది. ఆ జడ తిన్నగా ఉంది. పున్ని అద్దంలో చూసుకుని, "ఇంత బాగా ఎందుకు వేసిందబ్బా!" అనుకుంది.

వాళ్ళ పక్కింట్లో బుల్లెమ్మత్త అని ఒకావిడ ఉండేది. ఆవిడకి పొయ్యి మీద కూర మాడినా ఫరవాలేదు, ఊళ్ళో కబురు మాత్రం చల్లారకూడదు. ఒకనాడు ఆవిడ గోడ మీంచి పున్నిని పిలిచింది.

"ఒసేయ్ పున్నీ, వదిన వచ్చిందంటే ఇక నీ పని అయినట్టేనే. ముందు నవ్వుతూ ఉంటుంది. తర్వాత మీ అన్నకి మందు పెడుతుంది. ఆ తర్వాత నిన్ను ఎక్కడో హాస్టల్లో పడేస్తుంది. కాస్త కళ్ళు తెరుచుకుని ఉండు."

మందు పెట్టడమంటే ఏమిటో తెలుసా? తిండిలో ఏదో కలిపి పెట్టి, ఎదుటివాళ్ళని తన మాటే వినేట్టు చేసుకోవడమట. ఉత్తిమాట. మందూ లేదు, మాకూ లేదు. కానీ చెప్పుడు మాటలు చేటు అని ఊరికే అన్నారా? పున్ని గుండెలో ఆ మాట ముల్లులా దిగబడింది. దానికున్నది ఒక్క అన్నయ్య. ఆ అన్నయ్య కూడా పోతే అది ఎవరి దగ్గర ఉంటుంది? ఎవరి పక్కన పడుకుంటుంది? అనుమానం అనుమానం అంటాం గానీ కన్నా, అడుక్కంటా తవ్వి చూస్తే అక్కడ ఉండేది భయమే.

అప్పటి నుంచి పున్ని వదినని కనిపెట్టడం మొదలెట్టింది. వదిన వంటింట్లో ఉంటే తలుపు సందులోంచి చూసేది. వదిన నూతి దగ్గరికి వెళితే అరటి చెట్టు చాటు నుంచి చూసేది. వదిన కూనిరాగం తీస్తే, "ఏం మంత్రం చదువుతోందో!" అని చెవి ఒగ్గి వినేది.

అంతలో ఎండాకాలం వచ్చింది. ఎండలు మండిపోతున్నాయి. కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని చూరు కింద కూచునేవి. అప్పుడు భద్రం మిల్లులో విరిగిపోయిన ఐసు ముక్కల్ని గోనెసంచిలో కట్టి ఇంటికి తెచ్చాడు. ఊకలో పెట్టి తెచ్చాడు, దారిలో కరక్కుండా.

అది చూసి తాయారు, "పున్నీ, నీకు పుల్ల ఐసు చేసి పెట్టనా? మా ఊళ్ళో మా అమ్మ చేసేది" అంది.

"ఇంట్లోనా? ఎలా చేస్తావు?" అంది పున్ని. నోరూరుతోంది, అనుమానమూ ఊరుతోంది.

తాయారు గుమ్మంలో కూచుని పుచ్చకాయ కోసింది. గింజలు తీసింది. ఎర్రటి గుజ్జు పిసికి, గుడ్డలో వడకట్టి, కాస్త పంచదార వేసింది. ఆ రసాన్ని చిన్న చిన్న కాఫీ గ్లాసుల్లో పోసింది. ఒక్కో గ్లాసు మీద అరటాకు ముక్క మూతలా కప్పి దారంతో కట్టింది. ఆ ఆకుకి నడుమ గాటు పెట్టి, అందులోంచి వెదురు పుల్ల గుచ్చింది. బుట్టలల్లే మేదరివాళ్ళ దగ్గర తెచ్చిన పుల్లలు అవి. నున్నగా ఉంటాయి.

ఆ తర్వాత పెద్ద గంగాళంలో ఐసు ముక్కలు పోసి, పచ్చడిబండతో చితక్కొట్టింది. గ్లాసుల్ని ఆ ఐసులో మెడల దాకా పాతింది. అప్పుడు ఒక డబ్బాలోంచి తెల్లటిది ఏదో దోసిళ్ళతో తీసి ఐసు మీద చల్లింది.

పున్ని తలుపు చాటు నుంచి ఒక్క ఉరుకు ఉరికింది. "ఏం చల్లావు? ఏం చల్లావు?"

"కల్లుప్పు తల్లీ."

"తీపి ఐసులో ఉప్పా!"

"గ్లాసులో కాదే, బయట ఐసులో. ఉప్పు పడితే ఐసు ఇంకా చల్లబడి రసం గడ్డ కడుతుంది. అది లోపలికి పోకుండానే ఆకు కట్టాను."

పున్ని నమ్మలేదు. మిల్లు దాకా పరిగెత్తి అన్నయ్యని అడిగింది. అన్నయ్య నవ్వి, "అవునే, ఉప్పుతోనే గడ్డ కడుతుంది" అన్నాడు. అయినా అది పూర్తిగా నమ్మలేదు.

పొద్దు వాలేసరికి ఐసులు తయారయ్యాయి. తాయారు గ్లాసుని అరచేతుల మధ్య రుద్ది, పుల్ల పట్టుకుని మెల్లిగా లాగితే ఎర్రటి ఐసు సర్రున బయటికి వచ్చింది. పున్నికి ఒకటి ఇచ్చి తనొకటి తీసుకుంది. పున్ని తనదాన్ని చూసింది, వదినదాన్ని చూసింది.

"నాకు అది కావాలి" అంది.

రెండూ ఒకటే. అయినా తాయారు మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చింది. వదిన కొరికాక అప్పుడు పున్ని కొరికింది. అబ్బ! ఏం తీపి, ఏం చల్లదనం! పళ్ళు జివ్వుమన్నాయి. పుల్ల కూడా చప్పరించింది. కానీ మనసులో మాత్రం, "ఇవాళ ఏం కలపలేదు. ముందు నవ్వుతూ ఉంటుంది అన్నారుగా" అనుకుంది.

ఆ తర్వాత ఇంకోసారి ముంజల ఐసు చేసింది. లేత ముంజల్ని ముక్కలు చేసి కొబ్బరినీళ్ళలో వేసి గడ్డ కట్టించింది. ఈసారి పున్ని అడగక్కర్లేకుండానే తాయారు రెండు చేతుల్లోనూ రెండు ఐసులు చాచి, "ఏది కావాలో నువ్వే తీసుకో పున్నీ" అంది. పున్ని కుడి చేతిది పట్టుకుంది, వదిలింది. ఎడమ చేతిది పట్టుకుంది, వదిలింది. మళ్ళీ కుడి చేతిదే తీసుకుంది. ఈలోగా అది కాస్తా కారి మోచేతి దాకా వచ్చింది. అదీ బాగుంది. ఏమీ కాలేదు.

ఏమీ కాకపోతే అనుమానం పోవాలా వద్దా? పోదు కన్నా. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనపడ్డట్టు, పున్నికి వదిన మంచితనం కూడా మోసంలాగే కనపడింది. అన్నం కలిపి పెడితే, ఎందుకు పెడుతోందో! పెట్టకపోతే, ఎందుకు పెట్టలేదో! తాయారుకి ఇదంతా తెలియదనుకున్నావా? తెలుసు. తెలిసీ ఊరుకుంది. పిల్ల కదా, తనే చేరువ అవుతుంది అనుకుంది.

ఈలోగా పుల్ల ఐసుల సంగతి వీధంతా పాకింది. పిల్లలందరూ గుమ్మం ముందు చేరి, "పున్నీ, మాకో? పున్నీ, మాకో?" అని ఒకటే గోల. తాయారు నవ్వి, "అందరికీ చేస్తాను. ఎల్లుండి రండి, మామిడి ఐసు" అంది.

భద్రం తట్టెడు రసాలు తెచ్చాడు. గది గదంతా మామిడిపండు వాసన. గ్లాసులు ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకున్నారు. కానీ వెదురు పుల్లలు అయిపోయాయి. పిల్లలు వాటితో కత్తి యుద్ధాలు చేసి విరగ్గొట్టేశారు.

"పున్నీ, మేదరివాళ్ళింటికి వెళ్ళి పుల్లలు తెచ్చిపెడతావా తల్లీ? ఈలోగా నేను రసం పిండుతాను" అంది తాయారు.

మేదరివాళ్ళ ఇల్లు ఊరికి ఆ చివర, లాకుల దగ్గర. పున్ని బయల్దేరింది. సగం దూరం వెళ్ళాక దాని బుర్రలో పురుగు తొలిచింది. "ఇన్నాళ్ళూ తనే తెచ్చుకునేది కదా. ఇవాళ నన్నెందుకు పంపింది? నేను లేనప్పుడు రసంలో ఏదో కలపాలనే!"

అంతే. ఇక కాలు ముందుకి పడితే ఒట్టు. కానీ వట్టి చేతులతో వెళితే వదిన అడుగుతుంది. చుట్టూ చూసింది. బడి గోడ పక్కన ఒక చెట్టు. సన్నటి కొమ్మలు చేతికి అందుతున్నాయి. ఏం చెట్టో కూడా చూడకుండా గబగబా పుల్లలు విరిచింది. గోళ్ళతో తొక్క ఒలిచింది. లోపల తెల్లగా, నున్నగా, వెదురు పుల్లల్లాగే ఉన్నాయి. అవి గౌను ఒడిలో వేసుకుని ఇంటికి ఒకటే పరుగు.

ఏం చెట్టో చెప్పనా? నీకు తెలిసిపోయిందా? ఉష్, చెప్పకు. పున్నికి తెలియాలిగా.

పున్ని తిన్నగా లోపలికి వెళ్ళలేదు. కిటికీ దగ్గర నక్కి చూసింది. వదిన మామిడిపళ్ళు పిసికి రసం పిండుతోంది. మోచేతుల దాకా రసం కారుతోంది. కానీ మొహం పక్కకి తిప్పుకుంది. భుజంతో కళ్ళు తుడుచుకుంది. టెంక చీకలేదు, వేలు నాకలేదు. లేచి వెళ్ళి చేతులు ఒకసారి కడిగింది, రెండోసారి కడిగింది, సున్నిపిండి పెట్టి మూడోసారి కూడా కడిగింది.

మామిడిరసం పిండి వేలు నాకని మనిషిని నువ్వెక్కడైనా చూశావా కన్నా? పున్ని చూడలేదు.  "బుల్లెమ్మత్త చెప్పింది నిజమే. ఇవాళ ఏదో కలిపేసింది" అనుకుంది.

లోపలికి వెళ్ళి పుల్లలు ఇచ్చింది. తాయారు, "అప్పుడే వచ్చేశావా! బంగారుతల్లివి" అంది. పున్ని తెచ్చింది కదా అని వాటిని తిప్పి కూడా చూడలేదు. కడిగి, ఆకుల్లోంచి గ్లాసుల్లోకి గుచ్చేసింది.

పొద్దు వాలింది. పిల్లలు వచ్చి గుమ్మం ముందు వరసగా కూచున్నారు. తాయారు ఒక్కో ఐసు తీసి అందరికీ పంచింది. పసుపుపచ్చగా నిగనిగలాడుతున్నాయి. ఆఖరికి పున్నికి ఇచ్చింది. పున్ని వదిన చేతుల్లోకి చూసింది. ఖాళీ.

"నీదేది?"

"నాకొద్దు తల్లీ. నువ్వు తిను."

"నీకెందుకు వద్దు?"

"ఊరికేనే. తిను, కరిగిపోతోంది."

ఇక మార్చుకోవడానికి ఏముంది? పున్ని నాలిక చివరతో అంటించి చూసింది. తీపి. కొంచెం కొరికింది. తీపే. ఇంకొంచెం లోపలికి కొరికి పుల్ల దాకా వచ్చింది. చేదు! పున్ని దాన్ని ఉమ్మేసి వీధి అంతా వినపడేలా అరిచింది.

"తినకండర్రా! పారెయ్యండి! వదిన ఇందులో మందు పెట్టింది!"

పిల్లలు కూడా అప్పటికి పుల్లల దాకా వచ్చారు. "అవునర్రా చేదు! నాదీ చేదు!" అని ఉమ్మేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, పుల్లలు విసిరేసి పరిగెత్తేవాళ్ళు. ఒక్క క్షణంలో వాకిలంతా ఐసుల ముక్కలు. తాయారు చేతిలో ఖాళీ గ్లాసుతో అలాగే నిలబడిపోయింది.

ఇక బుల్లెమ్మత్త ఆగుతుందా? కొంగు దోపుకుని వచ్చేసింది. ఆవిడ వెనక వీధిలో ఆడవాళ్ళందరూ వచ్చారు.

"ఏమ్మాయ్, పసిపిల్లలకి ఏం పెట్టావు?"

"ఏమీ పెట్టలేదత్తా. మామిడిరసం, పంచదార. అంతే."

"అంతేనా? అయితే చేదెక్కడిది? గంగాళంలో ఇంకోటి ఉందిగా, మా అందరి ముందూ నువ్వు తిని చూపించు."

తాయారు తల దించుకుంది. "నేను తినకూడదత్తా" అంది.

"విన్నారా! విన్నారా! తను తినకూడదంట, మన పిల్లలు తినొచ్చంట!"

అప్పుడే భద్రం మిల్లు నుంచి వచ్చాడు. వాకిట్లో జనాన్ని చూసి గాభరా పడ్డాడు. బుల్లెమ్మత్త ఒకటికి నాలుగు కలిపి చెప్పి, "పొద్దున్నే పుట్టింటికి పంపించెయ్ రా నాయనా. చెల్లెలు కావాలో, ఈ మందులమారి కావాలో తేల్చుకో" అంది.

భద్రం పెళ్ళాం వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. పున్ని గోడకి అతుక్కుపోయి ఉంది. వదిన వెళ్ళిపోవడం, ఇన్నాళ్ళూ అది కోరుకున్నదే. కానీ ఇప్పుడు ఆ మాట వింటుంటే దానికి సంతోషం రాలేదు.

తాయారు పున్ని దగ్గరికి వచ్చి కూచుంది. "నేను తింటే నీ భయం పోతుందా పున్నీ?" అని అడిగింది. పున్ని గంగాళం వైపు చూసింది. తాయారు లేచి, గంగాళంలోంచి మిగిలిన ఐసు తీసింది.  కళ్ళు మూసుకుని నోటి దాకా తెచ్చింది.

భద్రం ఒక్క అంగలో వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు తాయారూ. నువ్వు తినకూడదు."

ఆ తర్వాత అందరికీ చెప్పాడు. తాయారు వాళ్ళమ్మ పోయినప్పుడు, తాయారు వాళ్ళ నాన్నతో కాశీ వెళ్ళింది. అమ్మ అస్థికలు గంగలో కలిపారు. కాశీ వెళ్ళినవాళ్ళు తమకి బాగా ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలిపెట్టి రావాలి కదా. ఇక బతికినన్నాళ్ళూ దాన్ని తినకూడదు. తాయారుకి, వాళ్ళమ్మకి మామిడిపండంటే ప్రాణం. ఇద్దరూ ఒక్క పండుని చెరో పక్కా చీకేవాళ్ళట. తాయారు మామిడిపండుని గంగలో వదిలేసి వచ్చింది.

"నాకు చెప్పలేదేం వదినా?" అంది పున్ని. 

"చెబితే నువ్వు తృప్తిగా తినవేమోనని" అంది తాయారు.

అప్పుడు భద్రం, "చూద్దాం, ఆ చేదేమిటో" అని ఆ ఐసు తనే నోట్లో పెట్టుకున్నాడు. కొరికాడు, నమిలాడు. పుల్ల దాకా వచ్చాక ఆగాడు. మొహం వంకర పెట్టాడు. ఆ పుల్లని తీసి, వాసన చూసి, కసుక్కున కొరికాడు.

"ఓసి మీ దుంపతెగ! ఇది వేప పుల్ల! పొద్దున్నే నేను పళ్ళు తోముకునేది ఇదే!"

జనమంతా గొల్లుమని నవ్వారు. ఏడుస్తున్న పిల్లలు కూడా నవ్వారు. ఒక్క పున్ని నవ్వలేదు.  తొక్క ఒలిస్తే మాత్రం వేప చేదు ఎక్కడికి పోతుంది?

బుల్లెమ్మత్త మాత్రం ఊరుకుంటే ఆవిడ పేరే మారిపోదూ! "వేపకీ వెదురుకీ తేడా తెలియదా ఈ పిల్లకి? ఎవరు తెచ్చారమ్మా ఈ పుల్లలు?" అంది.

 పుల్లలు పున్ని తెచ్చిందని తెలిసింది వదినకి ఒక్కదానికే. పున్ని ఇన్నాళ్ళూ పెట్టిన బాధలన్నిటికీ వదిన ఇప్పుడు ఒక్క మాట చెబితే చాలు, బదులు తీరిపోతుంది.

"నేనేనత్తా. తొందరలో చూసుకోలేదు. తప్పు నాదే" అంది తాయారు.

భద్రం మొహం కాస్త మాడింది. "పసిపిల్లలకి పెట్టేటప్పుడు చూసుకోవద్దూ?" అన్నాడు. పెళ్ళయ్యాక అతను పెళ్ళాన్ని విసుక్కోవడం అదే మొదలు. తాయారు వంగి వాకిట్లో పడ్డ పుల్లలు ఏరుకోవడం మొదలెట్టింది.

అప్పుడు పున్ని ఏం చేసిందో తెలుసా? అలవాటు కొద్దీ అనుమానపడింది. "నా పేరు ఎందుకు చెప్పలేదు? ఏదో ఎత్తు ఉండే ఉంటుంది" అని ఆలోచించింది. ఆ పక్క నుంచి చూసింది. ఈ పక్క నుంచి చూసింది. చాప ఎత్తి చూసినట్టు అడుగున కూడా చూసింది. ఎంత వెతికినా ఏ ఎత్తూ దొరకలేదు. తన మీదకి మాట రాకూడదని తప్ప వదిన మనసులో ఇంకేమీ లేదు.

అప్పుడు దానికి ఏడుపు వచ్చింది. గోడ దగ్గర నుంచి కదిలి వాకిలి మధ్యకి వచ్చి నిలబడింది.

"వదిన కాదు, నేనే! పుల్లలు నేనే తెచ్చాను! వదిన మేదరివాళ్ళింటికి వెళ్ళమంటే నేను వెళ్ళలేదు. ఏదో కలిపేస్తోందని, పట్టుకుందామని, బడి దగ్గర చెట్టుకి విరిచేసి పరిగెత్తుకొచ్చేశాను. వదిన ఏమీ చెయ్యలేదు. చేదు కలిపింది నేనే!"

 బుల్లెమ్మత్తకి హఠాత్తుగా పొయ్యి మీద కూర గుర్తొచ్చి ఇంట్లోకి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు కూడా పిల్లల్ని పిలుచుకుని ఒక్కొక్కరే జారుకున్నారు. భద్రం పెళ్ళాం పక్కన చతికిలబడి, తనూ పుల్లలు ఏరాడు. విసుక్కున్నందుకు సిగ్గుపడుతున్నాడు, ఆ ముక్క నోటితో చెప్పడం చేతకాక.

ఆ మర్నాడు పున్ని ఎవరూ చెప్పకుండానే లాకుల దాకా వెళ్ళి, మేదరివాళ్ళ ఇంటి నుంచి వెదురు పుల్లలు తెచ్చింది. దారిలో ఎక్కడా ఆగలేదు. భద్రం మళ్ళీ ఐసు తెచ్చాడు. తాయారు మళ్ళీ రసాలు పిండింది. ఈసారి పున్ని తలుపు చాటున లేదు. వదిన పక్కనే, పీట మీద కూచుంది.

తాయారు గరిటెతో రసం తీసి పున్ని నోటి దగ్గర పెట్టింది. "తీపి చాలిందా? నేను చూడకూడదు కదా. నువ్వే చెప్పాలి."

పున్ని చప్పరించింది. "ఇంకో చిటికెడు వెయ్యి."

తాయారు వేసింది.

"ఇప్పుడు చాలు."

తాయారు ఇంకో మాట అడగలేదు. ఆకులు కట్టేసింది. తను రుచి చూడని రసాన్ని, నిన్న వీధి మధ్యలో తన పరువు తీసిన పిల్ల మాట నమ్మి కట్టేసింది. పున్ని అది చూస్తూ కూచుంది.

ఆ తర్వాత మెల్లిగా అడిగింది. "వదినా, కాశీ వెళ్ళి వదిలితేనే వదిలినట్టా? ఇంట్లో వదలకూడదా?"

"మనసుంటే ఎక్కడ వదిలినా ఒకటేనే. ఏం?"

"నేను కూడా ఒకటి వదిలేస్తాను. కాకరకాయ."

తాయారు పకపకా నవ్వింది. ఆ ఇంటికి వచ్చాక అంత గట్టిగా నవ్వడం అదే. "తిక్కపిల్లా! ఇష్టం లేనిది వదిలితే ఏం గొప్ప? బాగా ఇష్టమైనది వదలాలి."

పున్ని ఆలోచించింది. పుచ్చకాయ? అబ్బే. జీళ్ళు? అమ్మో. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, గంగాళంలో ఐసు చిటుక్కుమనే చప్పుడు వింటూ, చాలాసేపు ఆలోచించింది.

"అయితే వదినా, అనుమానం వదిలేస్తాను" అంది. "నాకు అన్నిటికంటే అదే ఇష్టం."

తాయారు నవ్వలేదు. చేతులు కడుక్కోవాలన్న మాటే మరిచిపోయి, మోచేతుల దాకా మామిడిరసంతోనే పున్నిని లాగి ఒళ్ళో వేసుకుంది. గౌను పాడైపోయింది. పున్ని కదల్లేదు.

కథేమో కంచికి,
ఐసేమో నోటికి,
చేదేమో చెట్టుకి,
కునుకేమో కంటికి,
పద పద కన్నా,
మనమేమో ఇంటికి.